ల్యాప్‌టాప్‌లో వియన్నా!

తెరమీద యుద్ధం. గుర్రాల డెక్కల కింద దుమ్ము లేస్తోంది. కత్తులు దూసిన సైన్యం ముందుకు ఉరుకుతుంటే వెనక నుంచి అరవై వయొలిన్లు ఒక్కసారిగా అందుకుంటాయి. హాల్లో అందరికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇంతకీ ఆ వయొలిన్లు వాయించిందెవరు?

చాలా సినిమాల విషయంలో ఆ ప్రశ్నకు జవాబు... 'ఎవరూ లేరు' అనే! ఒక చిన్న గది, ఒక కంప్యూటరు, ఒక కీబోర్డు, దాని ముందు నిద్రలేని కళ్లతో ఒక సంగీత దర్శకుడు. అంతే.

అలాగని ఆ నాదం కంప్యూటర్లో పుట్టింది కాదు. ఎప్పుడో, ఎక్కడో, ఎవరో ఒక వాద్యకారుడు ఒక్కో స్వరాన్నీ విడివిడిగా వాయించి పెడితే, దాన్ని దాచి, వరసగా సర్ది అమ్ముతున్నారు. వాటికే ఆర్కెస్ట్రా శాంపిల్ లైబ్రరీలని పేరు. కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కితే ఆ వాద్యకారుడి కమాను కదులుతుంది. ఇలాంటి లైబ్రరీలు ఇప్పుడు లెక్కకు మిక్కిలి. సంగీతం మీద ఆసక్తితో కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న... 'వీటిలో ఏది కొనాలి?' అనే.

ఆ ప్రశ్నకు జవాబు దుకాణంలో కన్నా ఊళ్లలో బాగా దొరుకుతుంది. ఎందుకంటే ప్రతి లైబ్రరీకీ ఓ చిరునామా ఉంది. ఒకటి వియన్నా శివార్లలోని గుట్ట. ఒకటి లండన్‌లో పాత చర్చి. ఇంకొకటి ఒకప్పుడు జనం చక్రాల బూట్లతో జారుతూ తిరిగిన స్కేటింగ్ రింకు. ఆ చిరునామాలు పట్టుకుని ఒకసారి చుట్టి వస్తే సగం సందేహాలు వాటంతటవే తీరిపోతాయి.

గులాబీల గుట్ట మీద...

వియన్నా అంటే సంగీతప్రియులకు ముందుగా గుర్తొచ్చేది మ్యుజిక్‌ఫెరైన్. 1870లో మొదలైన కచేరీ భవనం. ఏటా జనవరి ఒకటో తేదీన వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా నూతన సంవత్సర కచేరీ జరిగేది అక్కడి బంగారు హాల్లోనే. ముంబయిలో పుట్టి వియన్నాలో చదువుకున్న జుబిన్ మెహతా ఆ కచేరీని ఒకటికి అయిదుసార్లు నడిపించారు. పూతపోసిన స్తంభాలూ, చెక్కలూ, నగిషీలూ చూడ్డానికే కాదు, వినడానికీ పనికొస్తాయి. వాయిద్యం ఆగాక కూడా నాదం సుమారు రెండు సెకన్లపాటు ఆ గోడల మధ్య తిరుగుతూనే ఉంటుంది. గుళ్లో గంట కొట్టాక చాలాసేపు వినిపించే ఆ 'ఓం'కారం లాంటిదే ఇదీ.

కంప్యూటర్ సంగీతపు వియన్నాను చూడాలంటే మాత్రం ఆ బంగారు హాలు దగ్గర ఆగిపోకూడదు. షోన్‌బ్రున్ రాజప్రాసాదం పక్కనున్న హియెట్జింగ్‌లో 60వ నంబరు ట్రామెక్కి నగరం నైరుతి అంచుకు వెళ్లాలి. పర్యాటకుల గుంపులు షోన్‌బ్రున్ దగ్గరే దిగిపోతాయి. తర్వాత మిగిలేది ఇళ్లకు వెళ్లే ఉద్యోగులూ, బడి పిల్లలూ. ఇళ్లు చిన్నవవుతాయి, తోటలు పెద్దవవుతాయి. అక్కడుంది రోజెన్‌హ్యూగెల్... అంటే గులాబీల గుట్ట.

మూకీల కాలంలోనే అక్కడ సినిమా స్టూడియో వెలిసింది. 1940ల ఆరంభంలో, నాజీల పాలనలో, వీన్‌ఫిల్మ్ సంస్థ ఆ ఆవరణలో ఓ ప్రత్యేకమైన హాలు కట్టించింది. షూటింగు కోసం కాదు... తెరమీద బొమ్మ కదులుతుంటే దానికి సరిగ్గా సరిపోయేలా ఆర్కెస్ట్రా వాయించి రికార్డు చేయడం కోసం. అందుకే దాని పేరు 'సింక్రోన్ హాలు'. రీ-రికార్డింగ్ థియేటర్ అన్నమాట. సినిమాల కోసమే తయారుచేసిన పైపు ఆర్గాన్ ఒకటి అందులో ఉంది. యుద్ధం ముగిశాక ఆ స్టూడియో సోవియట్ సైన్యం చేతుల్లోకి పోయింది. 1955లో వాళ్లు ఆస్ట్రియాను వదిలి వెళ్లాక చేతులు మారి, తర్వాత ఆస్ట్రియా టెలివిజన్ దగ్గరికి చేరింది. కాలం మారింది. చుట్టుపక్కల షెడ్లు కూలాయి, వాటి చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. వారసత్వ కట్టడం కాబట్టి ఆ హాలు మాత్రం నిలిచింది.

దాన్ని 2013లో ఎవరు కొన్నారన్నదే అసలు కథ!

నిశ్శబ్దం కోసం ఓ గది

హెర్బ్ టుక్‌మాండ్ల్ అనే ఆయన చెలో వాద్యకారుడు. వియన్నా ఫిల్హార్మోనిక్‌లో ఎవరైనా రాలేకపోతే వాళ్ల స్థానంలో కూర్చుని వాయించేవారు. ఆ తర్వాత సినిమాల వైపు వచ్చారు. కెమెరా పట్టారు, దర్శకత్వం చేశారు, సంగీతమూ కూర్చారు. తన బాణీ ఆర్కెస్ట్రాలో ఎలా ఉంటుందో కంప్యూటర్లో విని చూసుకోవాలంటే ఆ రోజుల్లో దొరికే శాంపిళ్లు ఆయనకు నచ్చలేదు. చెలో పట్టిన చేయి కదా... తేడా తెలిసిపోయేది. ఇక తనే పూనుకుని 2000 సంవత్సరంలో వియన్నా సింఫనిక్ లైబ్రరీ పని మొదలుపెట్టారు. సంగీతకారులు పొట్టిగా వీఎస్ఎల్ అంటారు.

ముందుగా ఆయనకు కావలసింది నిశ్శబ్దం. వియన్నా పొలిమేర దాటాక ఎబెర్‌గాసింగ్ అనే చిన్న ఊళ్లో 'సైలెంట్ స్టేజ్' పేరుతో ఓ రికార్డింగ్ గది కట్టించారు. బయటి చప్పుడు లోపలికి రాదు. లోపలి ప్రతిధ్వని దాదాపు ఉండదు. వాద్యకారుడు అక్కడ కూర్చుని పాట వాయించడు. స్వరం వాయిస్తాడు. ఒకటే స్వరం. మళ్లీ అదే స్వరం. మళ్లీ... మళ్లీ...

ఎందుకన్నిసార్లు? మెల్లగా వాయిస్తే వయొలిన్ గొంతు ఒకలా ఉంటుంది, గట్టిగా వాయిస్తే ఇంకోలా. కేవలం సౌండు తగ్గించి పెంచితే ఆ తేడా రాదు. గుసగుసను పెద్ద స్పీకర్లో వినిపించినంత మాత్రాన అది కేక అయిపోదుగా! అందుకని ఒక్కో స్వరాన్నీ మెత్తగా, మధ్యస్థంగా, గట్టిగా... మూడు నాలుగు స్థాయుల్లో పట్టాలి. కమానును సాగదీస్తే ఒకటి, చటుక్కున తుంచితే ఒకటి, తీగను వేలితో మీటితే ఇంకొకటి, వణికిస్తే మరొకటి. అంతేనా... ఒకే స్వరాన్ని గబగబా నాలుగుసార్లు వాయించాల్సి వస్తే నాలుగుసార్లూ ఒకే రికార్డింగు మోగకూడదు. మోగితే మర తుపాకీ పేల్చినట్టుంటుంది. కాబట్టి ఒక్కోదానికీ నాలుగైదు ప్రతులు కావాలి. యంత్రం వాటిని వంతులవారీగా వినిపిస్తుంది.

732 జంటలు!

టుక్‌మాండ్ల్ బృందం పట్టుకున్న పెద్ద కిటుకు ఇంకొకటుంది. సంగీతం స్వరాల్లో కాదు, స్వరానికీ స్వరానికీ మధ్య ఉంటుంది. 'స' నుంచి 'ప'కు వెళ్లేటప్పుడు వయొలిన్ మీద వేలు కదిలే ఆ క్షణం... అక్కడే ప్రాణం. విడివిడి స్వరాలు పక్కపక్కన పేర్చితే గోడ అవుతుంది గానీ పాట కాదు.

కాబట్టి వాళ్లు స్వరాల్నే కాదు, జంటల్నీ రికార్డు చేశారు. ఇది ఎంత పనో చిన్న లెక్క వేసి చూడొచ్చు. మూడు స్థాయుల్లో పలికే ఒక వాయిద్యం తీసుకుంటే అందులో 37 స్వరస్థానాలుంటాయి. ఒక్కో స్వరం నుంచి స్థాయి దూరం దాకా ఉన్న ప్రతి స్వరానికీ పైకీ కిందికీ వెళ్లి రావాలి. మొత్తం 732 జంటలు! మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి అంటే దానికి రెట్టింపు. జారుడుతో అయితే మళ్లీ మొదటి నుంచి. అదీ ఒక్క వాయిద్యానికి! ఇలా ఏళ్ల తరబడి పోగైన రికార్డింగుల సంఖ్య పది లక్షలు దాటింది. ఇది సంగీతమా, గుమాస్తా పనా అనిపించవచ్చు. నిజానికి రెండూ. సరిగమలు వరసలు వరసలుగా సాధన చేసిన వాళ్లకు ఈ ఓపిక కొత్తేమీ కాదు.

వియన్నాకు తనవంటూ కొన్ని వాయిద్యాలున్నాయి. అక్కడి ఓబో, అక్కడి హార్న్ మిగతా ప్రపంచంలోని వాటికన్నా కట్టడిలోనూ గొంతులోనూ వేరు. ఇతర దేశాల వాళ్లు వదిలేసినా వియన్నా వాళ్లు పట్టుకుని ఉన్నారు. వాటి నాదమూ ఈ లైబ్రరీలో చేరింది. బొబ్బిలి వీణకు ఉన్నట్టే వియన్నా హార్న్‌కూ ఊరి పేరుంది మరి!

వెళ్లిన దారినే తిరిగొచ్చి...

నిశ్శబ్దపు గదిలో పట్టిన శబ్దం ఉప్పూకారం వేయని కూరలాంటిది. హాలు రుచి తర్వాత కలుపుకోవాలి. దానికీ ఓ ఉపాయం కనిపెట్టారు. వియన్నాలోనే 1913 నాటి కాన్‌సెర్ట్‌హౌస్ ఉంది. ఆ కచేరీ భవనంలో పరీక్ష శబ్దాలు వినిపించి, గోడలు వాటిని ఎలా తిప్పికొడుతున్నాయో వేదిక మీద చోటుచోటునా కొలిచారు. ఆ కొలతల్ని కంప్యూటర్‌కు నేర్పారు. 2009లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌లో వయొలిన్‌ను వేదిక మీద ఎడమవైపు కూర్చోబెడితే అక్కడి నుంచి వచ్చినట్టే వినిపిస్తుంది, వెనక్కి జరిపితే దూరమవుతుంది.

అయినా ఏదో వెలితి. అరవైమంది ఒకే హాల్లో, ఒకే గాలిలో, ఒకరినొకరు వింటూ వాయించినప్పుడు వచ్చేది వేరు. ఆ సంగతి వీఎస్ఎల్ వాళ్లే ఒప్పుకొన్నట్టయింది... 2013లో గులాబీల గుట్ట మీది పాత సింక్రోన్ హాలును కొన్నది వాళ్లే! రెండేళ్లు పనిచేసి 'సింక్రోన్ స్టేజ్ వియన్నా' పేరుతో 2015లో తెరిచారు. ప్రధాన హాలు విస్తీర్ణం 540 చదరపు మీటర్లు. 130 మంది వాద్యకారులు ఒకేసారి కూర్చోవచ్చు. గది లోపల గది కట్టినట్టున్న నిర్మాణం బయటి కదలికల్ని లోపలికి రానివ్వదు. పాత ఆర్గాన్ కూడా అక్కడే ఉంది.

ఇక్కడే ఉంది చమత్కారం. ఆర్కెస్ట్రా అవసరం లేకుండా పాట కట్టే సామాను అమ్మిన సంస్థ, ఆ డబ్బుతో ఆర్కెస్ట్రా కోసం హాలు బాగుచేయించింది. అక్కడ ఇప్పుడు శాంపిళ్లూ రికార్డవుతాయి, సినిమాలకు నిజమైన ఆర్కెస్ట్రాలూ వాయిస్తాయి. ఇంట్లో కంప్యూటర్ మీద నమూనా కట్టిన సంగీతాన్ని, అదే హాలుకు తీసుకొచ్చి నిజమైన వాద్యకారులతో వాయించుకోవచ్చు.

చర్చిలో కొలువు

లండన్‌ది మరో దారి. బెల్‌సైజ్ పార్క్ మెట్రో స్టేషన్లో దిగి హాంప్‌స్టెడ్ వీధుల్లో కాస్త నడిస్తే ఎర్రటి ఇటుక చర్చి ఒకటి కనిపిస్తుంది. 1880ల్లో కట్టింది ఆల్‌ఫ్రెడ్ వాటర్‌హౌస్. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియాన్ని రూపొందించిన వాస్తుశిల్పి ఆయనే. లోపల ఆరు మూలల ఎత్తయిన హాలు. బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ తన ఎయిర్ స్టూడియోను 1992లో ఇక్కడికి మార్చారు. 'ద డార్క్ నైట్', 'ఇన్‌సెప్షన్' సినిమాల సంగీతం ఈ హాల్లోదే.

క్రిస్టియన్ హెన్సన్, పాల్ థామ్సన్ అనే ఇద్దరు బ్రిటిష్ సంగీత దర్శకులు 2007లో స్పిట్‌ఫైర్ ఆడియో పెట్టి ఈ హాల్లోనే శాంపిళ్లు పట్టడం మొదలుపెట్టారు. వియన్నా వాళ్లు హాలును దూరం పెడితే వీళ్లు హాలునే వాయిద్యం చేశారు. ఒక మైకు వయొలిన్ దగ్గర, ఒకటి కండక్టర్ తల మీద, మరొకటి పైన బాల్కనీలో. కొనుక్కున్నవాళ్లు ఏ మైకు ఎంత కావాలో కలుపుకోవచ్చు. వాయిద్యంతోపాటు ఆ గోడలూ కొన్నవాళ్ల ఇంటికి వస్తాయన్నమాట.

ఆ గోడలకు ఒక దశలో ముప్పొచ్చింది. పొరుగింటివారు నేలమాళిగ తవ్వి ఈతకొలనూ సినిమా హాలూ కట్టుకుంటామని అనుమతి అడిగారు. తవ్వకాల చప్పుడూ అదురూ నెలల తరబడి సాగితే రికార్డింగులు ఆగిపోతాయి. పేరున్న సంగీతకారులతో సహా వేలమంది అభ్యంతరం చెబుతూ సంతకాలు చేశారు. చివరికి ఆ ప్రణాళిక ముందుకు సాగలేదు. ఎంత గొప్ప హాలయినా పక్కింటి గునపం చప్పుడుకు లోకువే!

స్కేటింగ్ రింకులో సింఫనీ

అక్కడికి దగ్గర్లోనే మైడా వేల్. 1909లో రోలర్ స్కేటింగ్ కోసం కట్టిన పొడవాటి భవనాన్ని 1930ల్లో బీబీసీ స్టూడియోలుగా మార్చుకుంది. 1930లో పుట్టిన బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రాకు అదే ఇల్లయింది. స్పిట్‌ఫైర్ వాళ్లు ఈ ఆర్కెస్ట్రా మొత్తాన్నీ వాళ్ల సొంత గదిలోనే కూర్చోబెట్టి రికార్డు చేసి 2019లో లైబ్రరీగా తెచ్చారు. 99 మంది వాద్యకారులు, 55 వాయిద్యాలు, 474 రకాల వాదన పద్ధతులు. పెద్ద ప్యాకేజీ కంప్యూటర్లో సుమారు 600 జీబీ చోటు తీసుకుంటుంది. 2020లో 'డిస్కవర్' పేరుతో బుల్లి ప్యాకేజీ ఒకటి తెచ్చారు. అది 200 ఎంబీ మాత్రమే. అప్పట్లో దాని ధర 49 డాలర్లు. డబ్బు లేదా? ప్రశ్నపత్రం నింపి 14 రోజులు ఓపిక పడితే ఉచితంగా ఇచ్చేవారు! లాక్‌డౌన్‌లో ఇళ్లలో చిక్కుకున్న పిల్లలు ఎందరికో మొదటి ఆర్కెస్ట్రా అలా దొరికింది.

ఇంతలో అసలు భవనం సంగతి మారింది. తన సంగీత స్టూడియోల్ని తూర్పు లండన్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌కు తరలిస్తామని 2018లో బీబీసీ ప్రకటించింది. 2023లో మైడా వేల్ భవనం అమ్మకానికి ఒప్పందం కుదిరింది. కొన్నవాళ్లలో హాలీవుడ్ సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ ఒకరు. స్టూడియోగానే కొనసాగిస్తామని వాళ్లు మాట ఇచ్చారు. భవనం యజమానులు మారినా, ఆర్కెస్ట్రా మరో చోటికి వెళ్లినా, ఆ గదిలో ఆ 99 మంది కలిసి వాయించిన గాలి మాత్రం హార్డ్‌డిస్కుల్లో ఉండిపోతుంది. శాంపిల్ లైబ్రరీ ఒకోసారి పనిముట్టు మాత్రమే కాదు, ఫొటో ఆల్బమ్ కూడా.

బీటిల్స్ దాటిన జీబ్రా క్రాసింగ్ ముందు ఫొటోలు దిగే జనానికి అబీ రోడ్ తెలుసు. లోపల స్టూడియో వన్ 1931లో మొదలైంది. మొదటి రోజు ఆర్కెస్ట్రాను నడిపింది స్వరకర్త ఎల్గార్. ఆ హాలు నాదం కూడా 2020 నుంచి లైబ్రరీ రూపంలో దొరుకుతోంది.

సముద్రాలు దాటినా ఇదే వరస. అమెరికాలోని సియాటిల్ బెనరోయా హాల్లో పట్టిన శాంపిళ్లతో ఈస్ట్‌వెస్ట్ సంస్థ 2003లో తెచ్చిన లైబ్రరీలో దగ్గరి మైకు, వేదిక మైకు, హాలు మైకు వేర్వేరుగా ఉండేవి. ఆ తర్వాత అదే సంస్థ హాలీవుడ్‌లోని తన సొంత స్టూడియోలో సినిమా బాణీ నాదాన్ని పట్టింది. బెర్లిన్‌లోని ఆర్కెస్ట్రల్ టూల్స్ వాళ్లది టెల్‌డెక్స్ స్టూడియో. ఒకప్పుడు అదో నాట్యశాల.

కోడంబాకం కోల్పోయింది...

ఈ యాత్రలో మద్రాసును కలపకపోతే కథ పూర్తవదు. తెలుగు సినిమా పాట దశాబ్దాలపాటు పుట్టింది అక్కడే. సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల, ఘంటసాల రోజుల్లో గాయకుడూ వాద్యబృందమూ ఒకే హాల్లో, ఒకే టేకులో పాట పూర్తిచేసేవారు. చివరి చరణంలో ఒకరు తడబడితే అందరూ మళ్లీ మొదటికి. కోడంబాకం, వడపళని వీధుల్లో వయొలిన్ పెట్టెలు పట్టుకుని ఉదయం ఒక స్టూడియో, మధ్యాహ్నం ఇంకొకటి తిరిగే వాద్యకారులు వందల్లో ఉండేవారు. సంగీత దర్శకుడు ఎం.బి.శ్రీనివాసన్ చొరవతో వాళ్లకో సంఘమూ ఏర్పడింది.

మొదట పలు ట్రాకుల రికార్డింగు వచ్చింది. తర్వాత సింథసైజర్. ఆపైన శాంపిళ్లు. నలభైమంది కూర్చునే చోట పదిమంది, పదిమంది చోట ఇద్దరు. నిర్మాతకు ఖర్చు తగ్గింది, సంగీత దర్శకుడికి సమయం కలిసొచ్చింది, కొత్త కుర్రాళ్లకు అవకాశాలొచ్చాయి. అన్నీ నిజమే. కానీ పొద్దున్నే పెట్టె పట్టుకుని బయల్దేరే ఆ వయొలినిస్టుకు మాత్రం పిలుపు రావడం తగ్గిపోయింది. పెళ్లిళ్లలో వాయించినవాళ్లున్నారు, పిల్లలకు పాఠాలు చెప్పుకున్నవాళ్లున్నారు. ఆ తరం తర్వాత ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్లెవరన్న ప్రశ్న మిగిలింది.

జవాబులు వెతికినవాళ్లూ ఉన్నారు. ఇళయరాజా 2005లో 'తిరువాసగం' కోసం బుడాపెస్ట్ ఆర్కెస్ట్రాతో పనిచేశారు. 2025 మార్చి 8న తన సింఫనీని లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో వినిపించారు. కంప్యూటర్ సంగీతాన్ని మన సినిమాకు అలవాటు చేసిన ఎ.ఆర్.రెహమానే 2008లో చెన్నైలో కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ స్థాపించారు. పేద పిల్లలకు వయొలిన్, చెలో నేర్పించి 'సన్‌షైన్ ఆర్కెస్ట్రా' తయారుచేశారు. వియన్నాలో జరిగిందే ఇక్కడ ఇంకో రూపంలో జరిగింది. యంత్రంతో పని నేర్చినవాళ్లే మళ్లీ మనుషుల్ని వెతుక్కున్నారు.

దానికో కారణముంది. పాశ్చాత్య లైబ్రరీల్లో స్వరం స్తంభంలా నిలబడుతుంది. మన సంగీతంలో ఊయలలా ఊగుతుంది. తోడి రాగంలో గాంధారాన్ని కదలకుండా పట్టుకుంటే అది తోడి కాదు. 732 జంటలు కాదు, 7 వేల జంటలు రికార్డు చేసినా గమకం వాటిలో ఇమడదు. కీబోర్డు పక్కనున్న చక్రం తిప్పి స్వరాన్ని వంచవచ్చు గానీ, వినే చెవికి తేడా తెలుస్తూనే ఉంటుంది. స్వర్ సిస్టమ్స్ లాంటి సంస్థలు సితార, తబలా, మృదంగం వంటి వాటిని శాంపిళ్లుగా తెచ్చాయి. తాళవాద్యాల వరకూ బాగానే నడుస్తుంది. రాగం దగ్గరికొచ్చేసరికి మనిషే కావాలి.

ఏది కొనాలి మరి?

ఇన్ని ఊళ్లు తిరిగాక మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకోవచ్చు. ఇంట్లో అబ్బాయో అమ్మాయో కంప్యూటర్లో సంగీతం కడతామంటే ముందు చూడాల్సింది ధర కాదు... హాలు. పొడి శబ్దమా, తడి శబ్దమా? వియన్నా సైలెంట్ స్టేజ్ తరహా పొడి శబ్దం తీసుకుంటే ఏ హాల్లో కావాలంటే ఆ హాల్లో కూర్చోబెట్టుకోవచ్చు. కానీ ఆ విద్య నేర్చుకోవాలి. చర్చి హాలు తరహా తడి శబ్దం మీట నొక్కగానే సినిమాలా మోగుతుంది. అయితే ఆ గోడల్ని తుడిచేయడం కుదరదు. ఒక లైబ్రరీ వయొలిన్లూ, వేరొక లైబ్రరీ హార్న్‌లూ కలిపితే ఒకరు గుళ్లో, ఒకరు వరండాలో కూర్చుని వాయించినట్టుంటుంది. మొదట్లో ఒకే ఇంటివాళ్లను తెచ్చుకోవడమే మంచిది.

రెండోది... ఇంట్లో కంప్యూటర్ ఏపాటిదన్నది. వందల జీబీల లైబ్రరీకి వేగంగా చదివే ఎస్ఎస్‌డీ, బాగా ర్యామ్ కావాలి. అవి లేకుండా పెద్ద ప్యాకేజీ కొంటే ఏనుగును కొని కట్టెయ్యడానికి చోటు వెతుక్కున్నట్టే. మూడోది... ఏం కడతారు? యుద్ధఘట్టానికి అరవై వయొలిన్లు కావాలి. తల్లి జోలపాటకు నలుగురు చాలు. అరవైమంది శాంపిల్‌ను ఎంత తగ్గించి వాయించినా నలుగురవ్వరు.

నాలుగోది డబ్బు. ఉచితంగా దొరికే చిన్న ప్యాకేజీలతో మొదలుపెట్టి, వాటితో నాలుగు పాటలు పూర్తిచేశాక అప్పుడు ఏం తక్కువైందో చూసుకుని కొనాలి. నెలనెలా అద్దె కట్టే పద్ధతీ ఉంది. చాలా సంస్థలు విద్యార్థులకు రాయితీలిస్తాయి. దొంగ కాపీలు మాత్రం వద్దు. ఆ పది లక్షల స్వరాల వెనక పది లక్షలసార్లు కమాను పట్టిన చేతులున్నాయి. అమ్మకాల్లో వాద్యకారులకు రాయల్టీ ఇస్తున్నామని స్పిట్‌ఫైర్ లాంటి సంస్థలు చెబుతున్నాయి. మద్రాసులో జరిగిన నష్టం తెలిసినవాళ్లకు ఆ చిన్నమొత్తం విలువ తెలుస్తుంది.

చివరిది ఏ దుకాణంలోనూ దొరకదు. పాట మొత్తం శాంపిళ్లతో కట్టినా పైన ఒక్క వాయిద్యం... వయొలినో, వేణువో, వీణో... నిజమైన మనిషితో వాయించుకుంటే చాలు. ఆ ఒక్కరి ఊపిరితో వెనకున్న అరవైమందికీ ప్రాణమొస్తుంది. చాలామంది అనుభవజ్ఞులు చేసేదీ అదే. అలాంటి వాద్యకారుడి కోసం వియన్నా వెళ్లక్కర్లేదు. విజయవాడలో, హైదరాబాద్‌లో, విజయనగరంలో సంగీత కళాశాలలున్నాయి. ఏటా వాటిలోంచి పట్టాలు పుచ్చుకుని బయటికొచ్చేవాళ్లలో చాలామంది ఒక్క పిలుపు కోసం ఎదురుచూస్తుంటారు. కొత్త లైబ్రరీకి పెట్టే డబ్బులో కొంత పక్కన పెట్టి వాళ్లలో ఒకరికి ఫోను చేస్తే... ల్యాప్‌టాప్‌లో ఎటూ వియన్నా ఉంది, దాని పక్కన మన ఊరూ వినిపిస్తుంది.